ఫ్యాను ఆపండి

తెనాలిలో నాది ఫ్లెక్సుల షాపు. పెళ్ళి స్వాగతాలు, ఓణీల ఫంక్షన్లు, నాయకుల పుట్టినరోజులు, పడిపూజలు అన్నీ వేస్తాం. అయితే మూఢమూ ఆషాఢమూ అంటకుండా ఏడాది పొడుగునా నడిచే ఐటమ్ ఒక్కటే, శ్రద్ధాంజలి ఫ్లెక్స్. మనిషి పోయిన గంటన్నర లోపు ఎవరో ఒక కుర్రాడు బండేసుకుని వస్తాడు. ఫోన్లో ఫోటో చూపిస్తాడు. చాలాసార్లు అది ఏదో పెళ్ళిలో తీసిన గ్రూపు ఫోటోనే. పక్కవాళ్ళ భుజాలు కత్తిరించి, వెనకాల ఉన్న భోజనాల బల్లలు తీసేసి, నీలం ఆకాశం పెట్టి, కింద జననం, మరణం తేదీలు వెయ్యాలి. మరణం టైముతో సహా చెప్తారు. జననం దగ్గర ఆగిపోతారు. ఆధార్ కార్డు తెప్పిస్తే అందులో జనవరి 1 అని ఉంటుంది. ఆ లెక్కన మా ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు జనవరి ఒకటినే పుట్టారు.

ఆరేళ్ళ కిందట మా లయన్స్ క్లబ్బులో నేత్రదానం పని నాకు అంటగట్టింది కూడా ఇందుకే. "ఊళ్ళో చావు కబురు యముడి తర్వాత తెలిసేది నీకేగా" అన్నారు అప్పటి ప్రెసిడెంట్ గారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఒప్పుకుని ఇంటికొచ్చాక మా ఆవిడ నవ్వలేదు. "అంటే శవం దగ్గరికెళ్ళి కళ్ళు అడుగుతావా?" అంది.

అసలు నేను క్లబ్బులో చేరింది సేవ చేద్దామని కాదు. రక్తదాన శిబిరానికి మూడు బ్యానర్లు వేశాను. బిల్లు తీసుకోవడానికి మీటింగు దగ్గరికి రమ్మన్నారు, ట్రెజరర్ గారు అక్కడే ఉంటారని. వెళ్ళాను. గంట కొట్టారు, జెండా వందనం చేశారు, ఏవో రిపోర్టులు చదివారు, ఆ తర్వాత గుత్తివంకాయ కూరతో భోజనం పెట్టారు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి మెంబర్‌షిప్ ఫారం టేబుల్ మీద ఉంది. బిల్లు డబ్బులు పైసాతో సహా ఇచ్చారు. అవి కాస్తా ప్రవేశ రుసుముకీ చందాకీ సరిపోయాయి.

బయటివాళ్ళకి మా క్లబ్బు వ్యవహారం కాస్త నాటకంలాగే కనబడుతుంది. మా సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారం రోజున దండలు, శాలువాలు, మెమెంటోలు. ఎవరు ఎవరికి శాలువా కప్పుతున్నారో ఒక దశ దాటాక మైకు పట్టుకున్నవాడికే తెలియదు. మా చుట్టుపక్కల లయన్స్ క్లబ్బులన్నింటికీ పెద్ద, డిస్ట్రిక్ట్ గవర్నర్ గారు ముఖ్య అతిథిగా వస్తారు. మొదటిసారి ఆ మాట ఇంట్లో చెప్తే మా అమ్మ "గవర్నరే? మరి రోడ్డు మీద పోలీసులు లేరేందిరా" అని అడిగింది. టైల్ ట్విస్టర్ అని ఇంకో పదవి ఉంది. జేబుకి పిన్ను పెట్టుకోకపోయినా, ఫోన్ మోగినా, పెళ్ళిరోజు సంగతి దాచినా జరిమానా వెయ్యడమే ఆయన ఉద్యోగం. మా టైల్ ట్విస్టర్‌ది బట్టల కొట్టు. అక్కడ బేరాల్లో పోగొట్టుకున్నదంతా ఇక్కడ రాబడతాడని మాకు అనుమానం.

ప్రమాణ స్వీకారం రోజు ప్రతి ఏడాదీ ఒకే చరిత్ర వింటాం. 1917లో చికాగోలో మెల్విన్ జోన్స్ అనే ఆయన ఈ సంస్థకి పునాది వేశారు. ఆయన ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడిపేవారు. ఆ ముక్క రాగానే మా క్లబ్బులోని ముగ్గురు ఎల్ఐసీ ఏజెంట్లూ కుర్చీల్లో సర్దుకుని కూర్చుంటారు. 1925లో ఒహాయోలో జరిగిన మహాసభకి, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి, చీకటి మీద పోరాడండి, చూపులేనివాళ్ళకి అండగా నిలబడండి అని అడిగారు. అందుకే ప్రపంచంలో ఏ ఊరి లయన్స్ క్లబ్బుకెళ్ళినా కళ్ళ శిబిరం ఒకటి తప్పకుండా తగులుతుంది. మాదీ అంతే. చుట్టుపక్కల ఊళ్ళలో పరీక్షలు చేయించి, శుక్లాలు ఉన్నవాళ్ళని బస్సెక్కించి ఆపరేషన్‌కి తీసుకెళ్ళి, మర్నాడు నల్ల కళ్ళద్దాలతో దింపుతాం. దిగగానే ముసలమ్మలు మా మొహాలకేసి ఎగాదిగా చూస్తారు. "నువ్వింత నల్లగా ఉన్నావేంది నాయనా, మాటకి తెల్లగా ఉంటావనుకున్నా" అని ఒకావిడ నాతోనే అంది.

ఇక ఎండాకాలం చలివేంద్రం, మజ్జిగ, జూన్‌లో పిల్లలకి నోటుపుస్తకాలు. అన్నింటికీ ఫోటో ఉంటుంది. ఒక్క అరటిపండుని ఆరు చేతులు పట్టుకుంటాయి. ఆ ఫోటో వెనక బ్యానర్ నాదే కాబట్టి నేను పెద్దగా మాట్లాడకూడదు. కానీ నేత్రదానానికి అలాంటి ఫోటో ఉండదు. బ్యానరూ ఉండదు. ఉన్న పనల్లా అడగడమే.

అడగడం నాకు మొదట్లో అస్సలు చేతకాలేదు. మొట్టమొదటిసారి షాపులోనే, ఫ్లెక్స్ కోసం వచ్చిన కుర్రాణ్ణి, డిజైన్ చూపిస్తూ చూపిస్తూ అడిగేశాను. వాడు పోయినాయన కొడుకని నాకు తెలియదు. నా మొహంలోకి ఒక నిమిషం చూసి, ఇచ్చిన అడ్వాన్స్ కూడా వెనక్కి అడక్కుండా వెళ్ళిపోయాడు. ఫ్లెక్స్ వేరేచోట వేయించుకున్నారు. మళ్ళీ రెండు నెలలు నేను ఎవర్నీ అడగలేదు. టైము చాల్లేదనో, ఊళ్ళో లేననో మీటింగులో చెప్పేవాణ్ణి.

తర్వాత తెలిసొచ్చింది ఏమిటంటే, ప్రతి చావింట్లో ఏడవకుండా తిరిగే మనిషి ఒకరుంటారు. టెంటు, కుర్చీలు, ఐసు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అన్నీ ఆ మనిషి చేతిమీదే నడుస్తుంటాయి. ఎక్కువగా అల్లుడో, తమ్ముడి కొడుకో అయ్యుంటాడు. ముందు ఆ మనిషిని పట్టుకోవాలి. పక్కకి తీసుకెళ్ళి నాలుగే ముక్కలు చెప్పాలి. ఆరు గంటల లోపే తియ్యాలి. ఇంటికే వచ్చి తీస్తారు, పావుగంట, ఇరవై నిమిషాల పని. మొహం ఏమీ మారదు. పైసా ఇవ్వక్కర్లేదు, పైసా ఇవ్వరు. అంతకన్నా ఎక్కువ చెప్తే ఉపన్యాసం అయిపోతుంది. ఆ మనిషి లోపలికెళ్ళి అడిగొస్తాడు. ఆ రెండు మూడు నిమిషాలు చెప్పులు విప్పిన చోటే నిలబడి ఉంటాను.

ఎక్కువసార్లు వద్దనే అంటారు. వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారని భయం. ఈ మాటకి జవాబు నా దగ్గర లేదు, వాదించను కూడా. షుగర్ ఉందండీ, కళ్ళజోడు ఉందండీ, శుక్లాల ఆపరేషన్ అయిందండీ, పనికిరావేమో అంటారు కొందరు. వాటికి మాత్రం గబగబా చెప్తాను, అవేవీ అడ్డం కావని. ఎయిడ్స్, కామెర్ల వైరస్‌లు, రేబిస్, ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్ లాంటివి ఉంటేనే తీసుకోరు. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్తాను. తీసిన ప్రతి కన్నూ అతికించడానికి పనికిరాదు, పరీక్ష చేసి బాగుంటేనే వేస్తారు, లేకపోతే డాక్టర్ల చదువుకీ పరిశోధనకీ వాడతారు. ఇది చెప్తే ఒప్పుకున్నవాళ్ళు వెనక్కిపోతారని మా సెక్రటరీ గారి భయం. ఇప్పటిదాకా ఒక్కరూ పోలేదు.

మొన్న మే నెలలో చెంచుపేటలో ఒక మాస్టారు పోయారు. నాకు ఎనిమిదో తరగతిలో లెక్కలు చెప్పారాయన. పొద్దున పదిన్నరకి ప్రాణం పోతే, మా క్లబ్బు మెంబరే అయిన మందుల షాపాయన పదకొండింటికి ఫోన్ చేశాడు. వెళ్ళేసరికి హాల్లో చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. పైన ఫ్యాను ఫుల్ స్పీడు. కొడుకు హైదరాబాదులో బయల్దేరాడు. అల్లుడు గేటు దగ్గర షామియానా వాళ్ళతో మాట్లాడుతున్నాడు. చెప్పాను. ఆయన లోపలికెళ్ళాడు. ఈసారి బయటికి ఆయన రాలేదు, అమ్మగారే నన్ను లోపలికి పిలిపించారు.

"నువ్వు ఫ్లెక్సులబ్బాయివి గదా" అన్నారు.

"అవునమ్మా. మాస్టారి దగ్గర చదువుకున్నాను."

"నొప్పి తెలుస్తుందా ఆయనకి?"

ఈ ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. తెలియదమ్మా అన్నాను. తెలియదంటే నొప్పి తెలియదనా, నాకు తెలియదనా అన్నది అడగలేదు ఆవిడ. ఫోన్లో కొడుకుతో ఒక్క మాట మాట్లాడి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నారు. సాక్షి సంతకాలు అల్లుడూ, పక్కింటాయనా పెట్టారు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఫ్యాను ఆపాలి. గాలి తగిలితే కంటి మీది పొర ఎండిపోతుంది. రెప్పలు పూర్తిగా మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తు పెట్టాలి. ఏసీ ఉంటే నడవొచ్చు, ఫ్యాను మాత్రం పనికిరాదు. ఆ ఇంట్లో ఏసీ లేదు. బయట రోడ్డు మీద తారు కాళ్ళకి అంటుకునే ఎండ. హాల్లో పాతికమంది ఆడవాళ్ళు. ఆపాను. అయిదు నిమిషాలకి ఎవరో వేశారు. మళ్ళీ ఆపాను. దూది మీద నీళ్ళు చల్లి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ తిరుగుతోంది. ఒక పెద్దాయన తుండుగుడ్డతో విసురుకుంటూ "పోయినాయన కోసం బతికున్నోళ్ళని చంపుతావా ఏందయ్యా" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. చివరికి స్విచ్ బోర్డుకి వీపు ఆనించి నిలబడ్డాను. గంటా పది నిమిషాలు. చొక్కా తడిసి గోడకి అంటుకుపోయింది. చిన్నప్పుడు ఇదే మాస్టారు లెక్క రాలేదని నన్ను గోడకి నిలబెట్టిన రోజులు గుర్తొచ్చాయి.

కళ్ళు తీసే టెక్నీషియన్ గుంటూరు నుంచి రావాలి. "నారాకోడూరు దాటానండీ" అని ఫోన్ చేసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. పాతికేళ్ళ కుర్రాడు, చేతిలో థర్మోకోల్ పెట్టె. చెప్పులు బయట విప్పి, ముందు మాస్టారికి దణ్ణం పెట్టి, ఆ తర్వాతే గ్లౌజులు తొడుక్కున్నాడు. అందర్నీ బయటికి పంపి తలుపు దగ్గరగా వేశారు. ఫోన్ లైటు పట్టుకోవడానికి నేను ఉండిపోయాను. పరీక్షలకి కొంచెం రక్తం తీశాడు. కన్ను గుడ్డంతా పెకలించి తీస్తారని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకునేవాణ్ణి. అతను తీసింది నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర. అంచున సన్నగా తెల్లటి చుట్టు. చొక్కా గుండీ అంత ఉంటుందేమో. అర మిల్లీమీటరు మందం. దాన్ని గులాబీ రంగు నీళ్ళున్న చిన్న సీసాలో వేశాడు. అందులో నాలుగు రోజుల దాకా చెడదట. రెండో సీసా మీద ఎడమ అని రాసి, రెండింటినీ ఐసులో పెట్టి మూత వేశాడు. కళ్ళ మీద పల్చటి ప్లాస్టిక్ చిప్పలు పెట్టి రెప్పలు మూశాడు. మాస్టారు ఇందాకటిలాగే నిద్రపోతున్నట్టు ఉన్నారు.

తలుపు తీసి, ముందు ఫ్యాను వేశాను. హాల్లోకి తిరిగొచ్చిన ఆడవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలారు.

ఇంత జరిగినా వృథా అయిన రోజులున్నాయి. ఒక ఊళ్ళో ఇంటివాళ్ళంతా సరే అన్నారు, టెక్నీషియన్ వచ్చాడు, ఫారం నింపుతుంటే తెలిసింది, తెల్లారి చూసుకున్నారే గానీ ప్రాణం పోయింది రాత్రి ఎప్పుడోనని. అక్కడ "వద్దులెండి" అని చెప్పాల్సింది నేను. అడగడం కన్నా అది కష్టం. ఆ ఇంటి పెద్దమ్మాయి "మేమిస్తామంటే మీరొద్దంటారేంటండీ" అని ఏడ్చింది.

మాస్టారి ఫ్లెక్స్ ఆ సాయంత్రం మా షాపులోనే వేశాం. మనవడు వచ్చి పేరు కింద 'నేత్రదాత' అని వెయ్యమన్నాడు. పెద్దక్షరాలతో వేసి, తాడు కట్టే రింగులు, ఐలెట్లు, నేనే కొట్టి ఇచ్చాను. అది వీధి మొదట్లో కట్టిన రెండో రోజున ఒకాయన షాపుకొచ్చి, మా నాన్నకి ఎనభై దాటాయి, ముందే చెప్పి పెట్టుకోవచ్చా అని అడిగాడు. ఆరేళ్ళలో నేను అడక్కుండా నా దగ్గరికి వచ్చి అడిగిన మొదటి మనిషి. మీటింగులో ఈ సంగతి చెప్తే టైల్ ట్విస్టర్ నాకు యాభై రూపాయలు జరిమానా వేశాడు, శుభవార్త ఆలస్యంగా చెప్పినందుకు.

పెద్దకర్మ రోజున ప్రెసిడెంట్ గారూ నేనూ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్ళాం. అమ్మగారు దాన్ని చదవలేదు, మడత పెట్టకుండా ఫోటో పక్కన ఆనించారు.

"ఎవరికి పెట్టారు బాబూ?"

"ఆ వివరాలు చెప్పరమ్మా. మాకూ చెప్పరు."

"ఆడమనిషికా, మగమనిషికా అన్నా చెప్పరా?"

"చెప్పరమ్మా."

కాసేపు ఊరుకుని, "ఆయనకి నలభై ఏళ్ళకే చత్వారం వచ్చింది. వాళ్ళకి దగ్గరివి కనబడకపోతే కంగారు పడొద్దని చెప్పండి, మా ఆయన కళ్ళే అంత" అన్నారు.

చత్వారం వచ్చేది లోపలుండే లెన్స్ వల్లనీ, మేం తీసింది పైన పొర మాత్రమేననీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. విని, లేచి లోపలికెళ్ళి మాస్టారి కళ్ళజోడు తెచ్చారు. ఎడమ పక్క కాడకి నల్లదారం చుట్టి ఉంది.

"మీ క్లబ్బులో పాతవి తీసుకుంటారంటగా. మరైతే ఇదీ తీసుకెళ్ళు. చదువుకునేవాళ్ళకి ఇవ్వండి."

పాత కళ్ళజోళ్ళ పెట్టె మా సెక్రటరీ గారింట్లో ఉంటుంది. ఈ జోడు ఇంకా దాంట్లోకి చేరలేదు, నా షాపు సొరుగులో ఐలెట్ల డబ్బా పక్కన ఉంది. దారం తీసి స్క్రూ వేయిద్దామని రెండుసార్లు కళ్ళజోళ్ళ షాపు దాకా వెళ్ళి వచ్చాను. ఈ ఆదివారం వేయించాలి.