ఫ్రాంక్లిన్ స్ట్రీట్‌లో ఒక్క సమాధి

శాన్ ఫ్రాన్సిస్కో ఊళ్లో శ్మశానాలు దాదాపు లేవు. ఊరి హద్దుల్లో ఇక ఎవరినీ పాతిపెట్టకూడదని 1900లో చట్టం చేశారు, ఆ తర్వాత స్థలానికి గిరాకీ పెరిగి, ఉన్న సమాధుల్ని కూడా లక్షకు పైగా తవ్వి దక్షిణాన కోల్మా అనే ఊరికి తరలించారు. అలాంటి ఊళ్లో ఫ్రాంక్లిన్, గేరీ వీధులు కలిసే చోట, యూనిటేరియన్ చర్చి ఆవరణలో, ట్రాఫిక్ ఒక్క నిమిషం ఆగని రోడ్డు పక్కనే ఒకే ఒక్క సమాధి నిలిచిపోయింది. మా ఆఫీసు ఆ దగ్గర్లోని వాన్ నెస్ రోడ్డు మీద. మీటింగులతో తల వాచిపోయిన రోజున లంచ్ టైంలో అటువైపు నడుస్తుంటాను.

ఆ సమాధి థామస్ స్టార్ కింగ్‌ది. 1860లో బోస్టన్ నుంచి ఇక్కడికి పాస్టర్‌గా వచ్చాడు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో కాలిఫోర్నియా యూనియన్ (ఉత్తరాది రాష్ట్రాల) వైపే నిలబడాలని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి, గాయపడ్డ సైనికుల కోసం చందాలు పోగుచేసి, 1864లో 39 ఏళ్లకే డిఫ్తీరియాతో పోయాడు. అప్పుడు వాళ్ల చర్చి యూనియన్ స్క్వేర్ దగ్గర ఉండేది. 1889లో ఇప్పటి చోట ఈ రాతి చర్చి కట్టుకుని వచ్చినప్పుడు ఆయన్నీ వెంట తెచ్చుకున్నారు. నన్ను కట్టిపడేసేది ఇదే. ఆయనా కదిలాడు, కానీ తనవాళ్లతో కలిసి కదిలాడు.

యూనిటేరియన్లంటే మనకు మరీ కొత్తవాళ్లేం కాదు. దేవుడు ఒక్కడే, త్రిత్వం లేదు అన్న ఈ క్రైస్తవులతో రామ్మోహన్ రాయ్‌కి గాఢమైన స్నేహం. మన వీరేశలింగం గారు నమ్మిన బ్రహ్మసమాజం ఆ రాయ్ మొదలుపెట్టిందే.

చుట్టుపక్కల మాత్రం ఏదీ కుదురుగా లేదు. 1906 భూకంపం తర్వాత చెలరేగిన మంటలు చాలామటుకు వాన్ నెస్ దగ్గర ఆగబట్టి చర్చి దక్కింది. 1942లో, జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, పడమటి వైపున్న జపాన్‌టౌన్‌లోని జపాన్ మూలాల వాళ్లందరినీ క్యాంపులకు పట్టుకుపోతే, ఖాళీ అయిన ఆ ఇళ్లలోకి ఓడల తయారీ పనికొచ్చిన నల్లజాతి కుటుంబాలు చేరాయి. తర్వాత వాళ్ల వంతు. పునరభివృద్ధి పేరు పెట్టి ఇళ్లు కూల్చి, గేరీని హైవేలా వెడల్పు చేశారు. అది అభివృద్ధి అని నేను ఒప్పుకోను, ఆ రోడ్డు దాటాలంటే ఈ రోజుకీ మనిషి పరుగెత్తాల్సిందే. చర్చికి అటు పక్క 1971లో పెద్ద కేథడ్రల్ వచ్చింది. ఇటు వాన్ నెస్ మీద ఉన్న పాత హోటల్ పోయి 2019లో ఆసుపత్రి, 2022లో బస్సులకు ప్రత్యేక లేన్లు.

మా బిల్డింగ్ సెక్యూరిటీలో ఒక పెద్దాయన ఉన్నాడు. వాళ్ల నాయనమ్మ ఇల్లు ఆ పడమటి వైపే, ఫిల్‌మోర్ అనే పేటలో ఉండేదట, ఆ కూల్చివేతల్లోనే పోయింది. ఇప్పుడాయన ఆంటియాక్‌లో ఉంటూ, తెల్లారకముందే లేచి డ్యూటీకి వస్తాడు. ఇల్లు పోయినవాళ్లకు పునరభివృద్ధి సంస్థ అప్పట్లో సర్టిఫికెట్లు ఇచ్చింది, తక్కువ అద్దె ఇళ్ల లాటరీలో వాళ్లకు ముందు అవకాశం ఇవ్వడానికి. నాయనమ్మ సర్టిఫికెట్ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకున్నాడు. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. వేలితో జూమ్ చేసి ఆవిడ పేరు చూపించాడు. ఈమధ్య చట్టం మారి వారసులకు కూడా ఆ హక్కు వచ్చింది కాబట్టి అప్లై చేశాడు.

నాకు హెచ్‌1బి వచ్చింది కూడా లాటరీలోనే. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. లేఆఫ్ మాట వినపడినప్పుడల్లా ఆ టెన్షన్ నాకూ ఉంటుంది. కానీ నాకు వెనక్కి వెళ్లడానికి తణుకులో ఇల్లుంది. ఆయన ఇల్లు ఇక్కడే ఉండేది. మొన్న రెండు గదుల ఫ్లాట్ ఒకటి లాటరీకి వచ్చిందంటే, ఆయన ఫోన్‌లో ఫారం నింపడానికి సాయం చేశాను. అడ్రస్ చూడగానే, ఫిల్‌మోర్‌కి నాలుగు వీధులే అన్నాడు.