ఎవ్రీబడీ హేట్స్ క్రిస్ చూసేశా

నాలుగు సీజన్లూ అయిపోయాయి, ఇంకా అందులోంచి బయటికి రాలేకపోతున్నా. 2005లో అమెరికాలో మొదలైన సిరీస్ ఇది, కమెడియన్ క్రిస్ రాక్ తన టీనేజ్ రోజుల్నే కథ చేసుకుని వెనకనుంచి తనే చెప్తుంటాడు. 1982, బ్రూక్లిన్‌లో బెడ్‌స్టై అనే పేట. హంగామా ఏం లేదు, ఎక్కువగా ఒక ఇల్లు, ఒక వీధి, ఒక స్కూలు, అంతే.

నన్ను కట్టిపడేసింది మాత్రం నాన్న జూలియస్. టెర్రీ క్రూస్ చేశాడు, ఎంత బాగా చేశాడో. రెండు ఉద్యోగాలు చేస్తాడు, టేబుల్ మీద పాలు ఒలికితే ఎన్ని సెంట్లు పోయాయో అక్కడికక్కడే లెక్క చెప్పేస్తాడు, పిల్లాడు పడుకునేముందు గడియారం ప్లగ్ పీకెయ్యమంటాడు, నిద్రలో టైం చూడవు కదా అని. ఖాళీ రూంలో ఫ్యాన్ తిరుగుతుంటే కేకలేసే నాన్నల దగ్గర పెరిగినోళ్ళం మనం, ఆ సీన్‌కి నవ్వొస్తూనే గొంతు పట్టేసింది నాకు. ఆయన ప్రేమంతా ఆ లెక్కల్లోనే ఉంది.

నల్లజాతి కుర్రాడైన క్రిస్‌ని దూరంగా తెల్లపిల్లల స్కూల్లో వేస్తారు, అక్కడ రోజూ ఏదో ఒక అవమానం, పెద్దయ్యాక అవన్నీ మనకి నవ్వుతూ చెప్తున్నాడంటే ఎంత గుండె కావాలి అసలు! చివర్లో స్కూలు వదిలేసి జీఈడీ పరీక్ష (పాసైతే హైస్కూల్ పూర్తిచేసినట్టే లెక్క) రాస్తాడు, రిజల్ట్ తెలిసేలోపే స్క్రీన్ నల్లగా అయిపోద్ది. కథ 1987లో ఆగిపోద్ది. క్రిస్ రాక్ వాళ్ళ నాన్న నిజంగా చనిపోయింది 1988లో. ఇది తెలిశాక మళ్ళీ మొదటి ఎపిసోడ్ పెట్టా.

సబ్‌టైటిల్స్ పెట్టుకుని అయినా చూడండి, కుదిరితే మీ నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.