తాటిచెట్టంత అల అంటే ఎన్ని అడుగులు?

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన గుర్తున్నవాళ్లలో అందరికన్నా చిన్నవాళ్లకే యాభై దాటాయి. నాగాయలంక, కోడూరు వైపు పల్లెల్లో పెద్దల మాటలు రికార్డు చేసేవాళ్లు ఫోనుతో పాటు కొలత టేపు, తాపీమేస్త్రీలు మట్టం చూసే నీళ్ల పైపు కూడా పట్టుకెళ్లాలి.

“నీళ్లు ఎంత ఎత్తొచ్చాయి?” అంటే “తాటిచెట్టంత” అంటారు. అబద్ధం కాదు, అలాగని కొలతా కాదు. “మీరెక్కడున్నారు, నీళ్లు దేన్ని తాకాయి?” అని అడగండి. గుడి అరుగో, బావి గట్టో, గుమ్మం పైకమ్మో చెబుతారు. అక్కడికి తీసుకెళ్లి చూపించమనండి. చాలామంది ఇక్కడే తప్పుతారు, రోడ్డు మీంచి కొలిచేస్తారు. ఆ రోడ్డు ఎన్నిసార్లు మెరక చేశారో ఎవరికి తెలుసు! అప్పటి నుంచి కదలని రాయో, అరుగో ఆధారం కావాలి. అది దూరంగా ఉంటే నీళ్ల పైపుతో మట్టం తెచ్చుకోవచ్చు, కానీ పైపులో ఒక్క గాలి బుడగున్నా లెక్క తప్పుతుంది. తాడి కొన దగ్గరే పెరుగుతుంది కనుక మాను మీది గుర్తు పైకి జరగదు. చెట్టు మొదలు దగ్గర మట్టి మేట వేసి ఉంటుంది, అక్కడి నుంచి కొలవకండి.

మూసిన గదిలో గోడ మీది చార నిలిచిన నీటిది. కొమ్మకు చిక్కిన గడ్డి అల ఎగిసిన ఎత్తు. రెండూ కలిపి రాయొద్దు. సముద్రం సుమారు 5 మీటర్లు పొంగిందన్న లెక్కకూ తాటిచెట్టు మాటకూ తేడా కొంత ఇక్కడే ఉంది.

తర్వాత గాలి. తుపాను చీరాల దగ్గర తీరం దాటింది, దివిసీమ అది వచ్చిన దారికి కుడి పక్కన పడింది. నీళ్లను నేల మీదికి తోసే గాలి అటువైపే. ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి తిరిగిందని చెబితే సరిపోయినట్టే. పడమటి గాలితో మొదలైందంటే మళ్లీ అడగాలి.

పెద్దల జ్ఞాపకాల్లో 1990 మే తుపాను కూడా ఇందులో కలిసిపోతుంది. “చేలో వరి ఉందా, ఎండాకాలమా?” అన్న ఒక్క ప్రశ్నతో విడిపోతుంది. 1977 ఉప్పెన కార్తీకంలో వచ్చింది.

నలుగురినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టకండి, గొంతు పెద్దదైనవాడి కథే అందరిదీ అయిపోతుంది. పోయినవాళ్ల పేర్లు ఇంటి వరసన రాయండి. ఆ రోజు చుట్టపుచూపుగానో కూలికో వచ్చి ఊళ్లో ఉన్నవాళ్లెవరని విడిగా అడగాలి. ఆ ఊరి ఓటర్ల జాబితాలో వాళ్లు దొరకరు.