గేటు నుంచా, గోడ మూల నుంచా?

మా ఇంట్లో ముప్పై మీటర్ల టేపు ఒకటి ఉంది. పసుపు రంగు ఫైబర్ టేపు, పిడి తిప్పితే చుట్టుకునే రకం. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా ముప్పై ఒక్క ఏళ్లు చేసి 2011లో రిటైరయినప్పుడు వాళ్లు శాలువా కప్పి గోడ గడియారం ఇచ్చారు. టేపు మాత్రం నా సొంత డబ్బుతో కొనుక్కున్నది. కాలవ గట్ల మీద దాన్ని పట్టుకుని నేను నడిచినంత దూరం మా ఊరి నుంచి హైదరాబాదుకి రెండుసార్లు వెళ్లిరావచ్చు. వీధిలో నన్ను ఇనస్పెక్టరుగారు అంటారు. కొత్తగా అద్దెకి దిగినవాళ్లు కొన్నాళ్లు పోలీసనుకుని చాలా మర్యాదగా ఉంటారు. అసలు సంగతి తెలిశాక మామూలే.

ఊరి పేరు చెప్పను. చెబితే మా వీధివాళ్లు ఇట్టే గుర్తుపడతారు, వాళ్లలో సగం మంది ఇంకా నాతో మాట్లాడుతున్నారు. గోదావరి కాలవ పక్క ఊరు అనుకోండి చాలు.

మా వీధి తూర్పు పడమరలుగా ఉంటుంది. అటు పదకొండు, ఇటు పదకొండు ఇళ్లు. పడమటి చివర మెయిన్ రోడ్డు, తూర్పు చివర మురుగుకాలవ. 1996లో మేం ఇల్లు కట్టుకునేటప్పటికి మెయిన్ రోడ్డు మొదట్లో బావికి వేసే సిమెంటు వర ఒకటి నిలబెట్టి ఉండేది. అదే చెత్తకుండీ. అందులో పడేది సగం, చుట్టూ పడేది సగం. పందులూ ఆవులూ వాటా పంచుకునేవి. దాని గురించి ఎవరూ గొడవపడిన గుర్తు లేదు. మేం రాకముందు నుంచీ ఉంది కాబట్టి అది రావిచెట్టులాగా, కరెంటు స్తంభంలాగా వీధిలో ఓ భాగం.

2013లో డ్రైనేజీ తిరగ్గట్టినప్పుడు ఆ వర పగిలిపోయింది. నెల తర్వాత ఓ పొద్దున చూస్తే కొత్త ఇనప కుండీ దిగి ఉంది. ఆకుపచ్చ రంగు, కింద నాలుగు చక్రాలు, పైన రెండు మూతలు. కాంపాక్టర్ లారీ వెనక్కి వచ్చి, కుండీకి రెండు పక్కలా ఉన్న కొక్కేలు పట్టుకుని ఎత్తి బోర్లించేసుకుంటుంది. చూడ్డానికి బాగానే ఉంది. అయితే దాన్ని సరిగ్గా హెడ్మాస్టారి ఇంటి ముందు దించారు.

మాస్టారు మొదట వాస్తు తీశారు. ఆయనదీ మాదీ దక్షిణపు వరస, ఉత్తరం వాకిళ్లు. ఈ వరసలో ఏ రెండు ఇళ్ల మధ్య కుండీ పెట్టినా పడమటి ఇంటాయనకి అది ఈశాన్యమే అవుతుంది. ఈశాన్యంలో నీళ్లుండాలిగానీ చెత్త ఉంటుందా అన్నారు మాస్టారు. న్యాయమే. పోనీ ఎదురు వరసకి జరుపుదామంటే వాళ్లకి వీధివైపు వచ్చే మూలలు ఆగ్నేయం, నైరుతి. "నైరుతిలో బరువుండటం మంచిదే కదండీ" అని మాస్టారు అన్నమాటకి ఎదురింటి మిల్లు గుమస్తాగారు ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. పాతికేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి దిక్కుల్ని అంత చురుగ్గా వాడటం నేనెప్పుడూ చూడలేదు.

చక్రాలున్నాయి కదా, కుండీ రాత్రిళ్లు నడవడం మొదలుపెట్టింది. పడుకునేటప్పుడు ఒకరి ముందు ఉండేది, కాఫీ వేళకి ఇంకొకరి ముందు. ఆ చక్రాలకి చచ్చినా నూనె పెట్టేవాడు లేడు. కిర్రు, కిర్రు, ఆగి మళ్లీ కిర్రు. సిమెంటు రోడ్డు మీద ఆ చప్పుడు ఇరవైరెండు ఇళ్లకీ వినపడుతుంది, ఒక్కరూ లేవరు. మనింటి ముందు ఆగితే లేవాలి గానీ, దాటి పోతోందంటే నిద్ర నటించడమే లాభం. ఓ రాత్రి పదకొండున్నరకి కిటికీ రెక్క కాస్త తీసి చూశాను. మాస్టారు తలకి తువ్వాలు చుట్టుకుని వెనక నుంచి తోస్తున్నారు, సంక్రాంతికి వచ్చిన అల్లుడు ముందు నుంచి లాగుతున్నాడు. కొత్తల్లుడికి పండగ మర్యాద! పొద్దున్న పేపరు కోసం గేటు దగ్గర నిలబడితే ఆయనే నన్ను అడిగారు, "ఎవరండీ ఈ పని చేసేది? చదువుకున్నవాళ్లేనా?" అని.

పదో పన్నెండో రోజుల తర్వాత ఓ ఆదివారం రామాలయం మండపంలో మీటింగు పెట్టారు. శానిటరీ మేస్త్రీ వచ్చాడు. పాపం ఆయన గోల ఆయనది. లారీ వెనక్కి తిరగాలి, రోడ్డు చదునుగా ఉండాలి, ఏ రోజు కుండీ ఎక్కడుందో డ్రైవరుకి తెలియాలి. ఆయన లెక్కలో వీధి మొత్తానికి మూడే చోట్లు. గుడి వెనక గోడ, ట్రాన్స్‌ఫార్మర్ పక్క, అమెరికాలో ఉన్నాయన ఖాళీ స్థలం. గుడి గోడ మాట ఎత్తగానే పోయింది. మిగతా రెంటికీ ఓ రూలు పెట్టుకుందామన్నారెవరో, ఎవరి గేటుకీ పదిహేను మీటర్ల లోపు కుండీ ఉండకూడదని. పదిహేనే ఎందుకో నాకు తెలీదు. చప్పట్లు కొట్టారు. తర్వాత అందరి తలలూ నావైపు తిరిగాయి.

"ఇనస్పెక్టరుగారూ, మీ దగ్గర టేపుంది కదా?"

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టేపు చివర పట్టుకోవడానికి మనిషి కావాలి. కొత్త కుండీ స్థిరంగా లేనన్నాళ్లూ జనం చెత్త అక్కడే పోస్తున్నారు, కొబ్బరి బోండాలూ చేపల పొలుసూ నిండిపోయి ఉంది. అందులోకి దిగి నిలబడటానికి ఎవరూ ముందుకు రాలేదు. ఖాళీ స్థలం ముందు గానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకునే అమ్మాయిని పిలిచారు. మీటింగుకి ఆమెను పిలవలేదు, వీధిలో ఆమెకి ఇల్లు లేదు కదా. బొగ్గుల పెట్టె పక్కన దించి, చేతులు కొంగుకి తుడుచుకుని వచ్చింది. "అమ్మాయ్, ఈ రింగు స్తంభానికి ఆనించి పట్టుకో, కదపకు" అన్నాను. కదపలేదు. నేను ఒక్కో గేటు దగ్గరికీ నడిచి, టేపు బిగలాగి చదివితే మాస్టారు నోటు పుస్తకంలో రాసుకున్నారు. మా ఆఫీసులో పనుల కొలతలెక్కించే ఎం-బుక్కు రాసినట్టే. ఇరవై నాలుగున్నర, ఇరవై ఒకటి, పంతొమ్మిది ఎనభై.

ట్రాన్స్‌ఫార్మర్‌కి అందరికంటే దగ్గర మా ఇల్లే. కొలవకుండానే నాకు తెలుసు. గేటు దగ్గర నిలబడితే పదిహేడు మీటర్ల ఇరవై. అంటే రూలు ప్రకారం కుండీ అక్కడికే రావాలి. అయితే మా కాంపౌండు గోడ మూల గేటుకి నాలుగు మీటర్లు ఇవతలకి ఉంది. నేను గేటు దాకా వెళ్లలేదు. గోడ మూల దగ్గరే ఆగి, టేపు బిగలాగి, గట్టిగా చదివాను. "పదమూడు ఇరవై!"

మిగతా ఇళ్లన్నీ గేటు నుంచే కొలిచాను. మధ్యాహ్నం ఒంటిగంట అయింది, అందరికీ ఆకలి, ఎవరూ పట్టించుకోలేదు. మాస్టారు ఒక క్షణం కలం ఆపినట్టనిపించింది. తర్వాత రాసేసుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే ఖాళీ స్థలం. అది ఆయన ఈశాన్యానికి ఇంకా దూరం. అక్కడ పదిహేను మీటర్ల లోపు ఎవరి గేటూ లేదు. ఇస్త్రీ బండికి గేటెక్కడిది?

ఒక మాట చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ కింద కుండీ పెడితే ఏదో ఒకరోజు ఎవడో చెత్తకి నిప్పు పెడతాడు, అప్పుడు ప్రమాదం. ఇది నిఖార్సైన కారణం, చెబితే మేస్త్రీ కూడా ఒప్పుకునేవాడు. కానీ ఆ పూట అది నాకు తట్టలేదు. మూడు నెలల తర్వాత స్నానం చేస్తుంటే తట్టింది. అప్పట్నుంచీ కొన్నేళ్లు, ఆ కొలత నేను ఎందుకలా కొలిచానంటే ట్రాన్స్‌ఫార్మర్ కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను.

కుండీ గానుగ చెట్టు దగ్గరికి వెళ్లింది. చక్రాలకి ఇనప గొలుసు వేసి తాళం కూడా వేశారు, నడవకుండా. లారీ రెండ్రోజులకోసారి వచ్చేది, కొన్నిసార్లు నాలుగు. ఈగలు, కుక్కలు, ఎండాకాలంలో తగలబెట్టిన చెత్త మసి తెల్లచొక్కాల మీద. మా ఆవిడ ఓ రోజు నా షర్టు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏమీ అనకుండా మళ్లీ బకెట్లో పడేసింది. ఇస్త్రీ అమ్మాయి బండిని ముందు చెట్టు అవతలికి, ఎండలోకి జరుపుకుంది. పైన నీలం పరదా కట్టుకుంది. 2015లో స్కూలు వీధికి వెళ్లిపోయింది. వెళ్తున్నానని చెప్పలేదు, మేమూ అడగలేదు.

తర్వాత కథ మీకు తెలిసిందే, ఊరూరా జరిగిందే. 2014 గాంధీ జయంతికి స్వచ్ఛ భారత్ మొదలైంది. 2016లో 73 నగరాలతో స్వచ్ఛ సర్వేక్షణ్ అని మార్కులు వేయడం పెట్టారు. 2017 నుంచి ఇందోర్ వరసగా మొదటి స్థానం కొడుతుంటే అందరూ దాన్నే చూశారు. వాళ్లు రోడ్ల మీద కుండీలు ఎత్తేసి ఇంటింటికీ బండి పంపారు. దాంతో కుండీ అనేదే తప్పు, లేకపోవడం గొప్ప అయింది. మన దగ్గర 2021 అక్టోబరు 2న క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ పథకం మొదలెట్టి ఇంటికి మూడు బుట్టలిచ్చారు. తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, డైపర్లూ బ్యాటరీల్లాంటి వాటికి ఎరుపు. మా పక్కింట్లో నీలం బుట్టలో బియ్యం పోసుకున్నారు. బుట్టలతోపాటు చెత్త పన్ను కూడా వచ్చింది. వీధిలో వాస్తు కంటే దాని గురించే ఎక్కువ తిట్లు విన్నాను. 2024 గాంధీ జయంతినాడు బందరులో ముఖ్యమంత్రి దాన్ని తీసేస్తున్నామన్నారు. ఒక గాంధీ జయంతికి వచ్చింది, ఇంకో గాంధీ జయంతికి పోయింది.

బుట్టలొచ్చిన కొన్నాళ్లకే మా కుండీని తీసుకెళ్లిపోయారు. గొలుసు కోయడానికి గంట పట్టింది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. చూడాల్సింది ఆ సాయంత్రం. మాస్టారు, మిల్లు గుమస్తాగారు పక్కపక్కన నిలబడి, "ఉన్నపళంగా తీసేస్తే చెత్త ఎక్కడ వెయ్యాలండీ?" అని ఒకే గొంతుతో అడిగారు. ఎనిమిదేళ్ల తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

ఎక్కడ వేస్తారు, అక్కడే వేశారు. కుండీ లేదు, చోటుంది. బండి పొద్దున ఏడింటికి ఈల వేసుకుంటూ వచ్చి ఏడుంపావుకి వెళ్లిపోతుంది. ఆ పావుగంట దాటితే నల్ల కవరు ముడి వేసి, బైకు మీద పోతూ పోతూ గానుగ చెట్టు కిందికి విసరడమే. నేనూ రెండుసార్లు విసిరాను, పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు. వార్డు సచివాలయంలో శానిటేషన్ చూసే అమ్మాయి ఇలాంటి చోటుని జీవీపీ అంటుంది, గార్బేజ్ వల్నరబుల్ పాయింట్. చెత్త పడే అలవాటున్న చోటు అని అర్థం. ఆమే దగ్గరుండి అక్కడ కడిగించి, ముగ్గు వేయించి, నాలుగు పూలకుండీలు పెట్టించింది. వారం తిరక్కుండా రెండు కుండీలు ఎవరి డాబా మీదికో చేరాయి. ఆ తర్వాత ఎవరో గోడకి దేవుళ్ల టైల్స్ అతికించారు. వెంకటేశ్వరస్వామి, సాయిబాబా, ఏసుప్రభువు, మక్కా, నాలుగూ వరసగా. చెత్త మానలేదు, టైల్స్‌కి రెండడుగులు ఇవతలకి జరిగిందంతే.

పోయిన నెల మళ్లీ కబురొచ్చింది. మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు వచ్చాక కాగితం కప్పులన్నీ వీధిలోకి ఎగురుకుంటూ వస్తున్నాయి, జంట డబ్బాలు పెట్టిస్తారట, తడికొకటి పొడికొకటి, స్తంభానికి వేలాడేవి. ఎక్కడ పెట్టాలో వీధివాళ్లే చెప్పాలట. చిన్న డబ్బాలే. అయినా మాస్టారి కొడుకు (మాస్టారు పోయి రెండేళ్లయింది) మా గేటు దగ్గరికొచ్చి, "అంకుల్, మీ టేపు ఒకసారి ఇస్తారా?" అన్నాడు. కనపడటం లేదు బాబూ, వెతుకుతాను అన్నాను. అది బీరువా మీదే ఉంది, అతను నిలబడ్డ చోటు నుంచి పసుపు పిడి కనిపిస్తోంది కూడా.

ఆ సాయంత్రం బట్టల మూట తీసుకుని స్కూలు వీధికి నడిచాను. ఇప్పుడు జత ఇరవై రూపాయలు. బొగ్గుల పెట్టె పోయి గ్యాస్ పెట్టె వచ్చింది, బండికి రేకు కప్పు. ఆమె మూట విప్పి లెక్కపెడుతోంటే, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మా వీధిలో మళ్లీ డబ్బాలు పెడతారటమ్మా, నన్ను కొలవమంటున్నారు" అన్నాను.

చొక్కా మీద నీళ్లు చిలకరించి, కాలరు పరిచి, పెట్టె ఆనించింది. ఆవిరి లేచింది.

"ఈసారి గేటు కాడ నిలబడండి బాబుగారూ" అంది తలెత్తకుండా. "అప్పుడు గోడ మూల కాడే ఆగిపోయారు. చివర పట్టుకున్నది నేనే కదండీ, టేపు బిగించడం తెలిసింది నాకు."

నేనేం అన్నానో గుర్తులేదు. ఏమీ అనలేదనుకుంటా.

"ఇందులో ఐదు జతలే ఉన్నాయండీ" అంది. "ఆరన్నారు."