నాన్న మంచం కాలు కోసం వెల్డింగ్ నేర్చుకున్నాను

మార్చిలో నాన్న మంచం కాలు ఊడిపోయింది. ఇనుప పైపుల ఫ్రేముకు నవారు అల్లిన పాత మంచం అది. పరుపులు ఎన్ని కొన్నా ఆయనకు దాని మీదే నిద్ర. మేముండే హైదరాబాద్ కుషాయిగూడ చుట్టూ వర్క్‌షాపులకు కొదవ లేదు. కానీ గేట్లు, గ్రిల్స్ చేసేవాళ్లు ఒక్క కాలు అతకడానికి ఇంటికి రాలేమన్నారు. ట్రాలీ ఆటోలో వేసి తీసుకెళ్తే రెండుచోట్ల "రేపు రండి" అన్నారు. తిరిగొస్తూ దారిలో అనుకున్నాను, ఇది నేనే నేర్చుకుంటే?

నేను బడిలో లెక్కలు చెబుతాను. చిన్నప్పటి నుంచి వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే నీలి వెలుగు చూడొద్దని పెద్దవాళ్లు కళ్లు మూయడమే తప్ప, ఆ వెలుగు లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేదు. అది చూడాలనే కోరిక కూడా లోపల ఎక్కడో ఉండిపోయింది.

వేసవి సెలవులు మొదలవగానే సికింద్రాబాద్‌లో పనిముట్లు అమ్మే రాణిగంజ్ వెళ్లాను. 200 ఆంపియర్ల ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ ఏడు వేలకు అటూ ఇటూగా వచ్చింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లను ఇద్దరు పట్టినా కదపలేం, దీన్ని ఒంటిచేత్తో మేడ మీదికి ఎక్కించాను. కరిగి అతుకుగా మారే 6013 రకం రాడ్లు, 2.5 ఎంఎంవి ఒక డబ్బా. తోలు గ్లోవ్స్, అతుకు మీద చిట్టెం కొట్టే చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్. మెషీన్‌తో చేతిలో పట్టుకునే నల్లద్దం షీల్డ్ ఉచితంగా ఇచ్చారు. హెల్మెట్ అడిగి, రేటు చూసి, తర్వాత కొనుక్కుందాంలే అని వచ్చేశాను. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే.

మొదటి రోజు గంటసేపు రాడ్‌ను ఇనుముకు ఆనించడమే సరిపోయింది. ఆనించిన ప్రతిసారీ అంటుకుపోయేది. ఒక చేత్తో షీల్డ్, ఇంకో చేత్తో హోల్డర్. షీల్డ్ ముఖానికి అడ్డం పెట్టేలోపే నాలుగైదు సార్లు వెలుగు నేరుగా కళ్లలో పడింది. అప్పుడు ఏమీ అనిపించలేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, కళ్లలో పిడికెడు ఇసుక పోసినట్టుంది. నీళ్లు ధారగా కారుతున్నాయి, లైటు వేస్తే భరించలేకపోయాను. అమ్మ ఆలుగడ్డ ముక్కలు తరిగి పెడతానంది, పక్కింటామె పాలచుక్కలు వేయమంది. రెండూ వద్దని పొద్దున్నే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆర్క్ నుంచి, అంటే రాడ్ కొసన వచ్చే ఆ మెరుపు నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డు పైపొరను కాల్చేస్తాయని, నొప్పి కొన్ని గంటల తర్వాతే తెలుస్తుందని చెప్పారు. చుక్కల మందు ఇచ్చారు. రెండు రోజుల్లో తగ్గింది. మూడో రోజు వెళ్లి, వెలుగు రాగానే తనంతట తాను నల్లబడే హెల్మెట్ తెచ్చుకున్నాను. నేను వాడే కరెంటుకు దాని అద్దం నలుపును 10 లేదా 11 నంబరు మీద పెట్టుకుంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను బతిమాలి చెప్పేది ఇదొక్కటే: మెషీన్ కన్నా ముందు హెల్మెట్ కొనండి.

బట్టల సంగతి కూడా ఆడవాళ్ల కోసం చెప్పాలి. పాలిస్టర్ చుడీదార్ మీద నిప్పురవ్వ పడితే కాలి ఆరిపోదు, కరిగి ఒంటికి అంటుకుంటుంది. మా ఆయన పాత జీన్స్ చొక్కా, కాటన్ ప్యాంటు, చర్మపు బూట్లు వేసుకుని, జడ ముడివేసి పైన నూలు గుడ్డ కట్టుకుంటాను. చున్నీ మెట్ల దగ్గరే వదిలేస్తాను. ఎదురు మేడ మీద పిల్లలు ఆడుకుంటారు కాబట్టి అటువైపు పాత రేకు అడ్డం పెట్టాను. ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీళ్లు ఎప్పుడూ పక్కనే ఉంటాయి.

కరెంటుతోనూ కొన్నాళ్లు ఇబ్బంది పడ్డాను. మొదట మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే చేయి పెట్టలేనంత వేడెక్కింది. ఎలక్ట్రీషియన్ వచ్చి 4 చదరపు ఎంఎం వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు వేసి ఇచ్చాడు. అప్పటి నుంచి కింద అమ్మ నీళ్ల మోటారు వేసే టైమ్ అడిగి మరీ పని మొదలుపెడతాను.

వంకరగానైనా గీత పడడం వచ్చాక, ధైర్యం చేసి రెండు యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) ముక్కలు అతికాను. పైకి బాగానే కనిపించింది. సుత్తితో ఒక్కటి వేస్తే రెండూ విడిపోయాయి. అతుకు మొత్తం ఒక ముక్క మీదే ఉండిపోయింది, రెండోదానికి తామరాకు మీద నీటిబొట్టులా అంటీ అంటకుండా ఉంది. ఆ ముక్కలు పట్టుకుని, నేను తుక్కు కొనే షెడ్‌కు వెళ్లాను. అక్కడ కొడుక్కి పని అప్పజెప్పి కూర్చునే పెద్దాయన ఒకరున్నారు. అందరూ చాచా అంటారు. ముక్కలు తిప్పి చూసి, "కరెంటు ఎంత పెట్టినవమ్మా?" అన్నారు. 55 అన్నాను. "80 పెట్టు. ఇంకోటి, నువ్వు వెలుగును చూస్తున్నవ్. వెలుగు ఎనుక ఇనుము నీళ్లయితది, ఆ నీళ్లను చూడు. రెండు దిక్కులా తడిసినంకనే ముందుకు పో."

మంచం తీసుకురమ్మని, తానే చేయిస్తానని కూడా అన్నారు. వద్దు చాచా, నేనే చేస్తాను అన్నాను. అప్పటికి నాకు మంచం కన్నా ఆ నీళ్లు చూడాలన్న పట్టుదల ఎక్కువైంది.

పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు, మేడ కాలకముందే, రోజూ ఆరేడు రాడ్లు కాల్చేదాన్ని. రాడ్ కొసకూ ఇనుముకూ మధ్య రాడ్ మందమంత ఎడం, అంతే. ఎడం పెరిగితే రవ్వలు చిమ్ముతాయి, తగ్గితే అంటుకుంటుంది. రాడ్ కరిగి పొట్టిదవుతుంటే చేయి ఆ మేరకు దిగుతూ ఉండాలి. పది రోజుల తర్వాత ఒక పొద్దున హెల్మెట్ అద్దంలో అది కనిపించింది. తెల్లటి మెరుపు కింద, కరిగిన ఇనుము చిన్న మడుగులా గుండ్రంగా, వణుకుతూ, నా చేయి వెంట వస్తోంది. దాని వెనుక చిట్టెం కాస్త నల్లగా పేరుకుంటోంది. ఇనుము కరగాలంటే 1500 డిగ్రీలు దాటాలని పుస్తకంలో చదివాను, నా చేతి కింద కరగడం చూడడం వేరు. చప్పుడు కూడా మారింది, కాగిన నూనెలో గారెలు వేగుతున్నట్టు ఒకే తీరుగా. చల్లారాక చిట్టెం కొట్టేస్తే కింద చేప పొలుసుల్లాంటి వరసలు. మా ఆయన్ను నిద్రలేపి మరీ చూపించాను.

జూన్‌లో వానలు పడ్డాయి. రాడ్లకు చెమ్మ పట్టి సరిగా వెలగలేదు, పైపూత రాలిపోయింది. అప్పటి నుంచి వాటిని బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెడుతున్నాను. తడి మేడ మీద షాక్ భయం కూడా ఉంటుంది కాబట్టి, నేల పూర్తిగా ఆరని రోజు మెషీన్ ఆన్ చేయలేదు.

జూలై చివర్లో నాన్న మంచం పట్టాను. నవారు మొత్తం విప్పేసి, అతికే చోట పెయింట్ పోయి తెల్లగా మెరిసేదాకా గ్రైండ్ చేశాను. జింకు పూత పైపు అయితే ముట్టుకునేదాన్ని కాదు, ఆ పొగ పీలిస్తే చలి, జ్వరం రావచ్చు. పైపు పల్చన, 80 మీద పెడితే చిల్లు పడడం ఖాయం. చాచా చెప్పినట్టు విరిగిన చోట లోపల చిన్న ఇనుప కడ్డీ ముక్క దూర్చి, 2 ఎంఎం రాడ్‌తో 50 మీద, ఒక్కో చుక్క పెట్టి, ఎరుపు తగ్గేదాకా ఆగి, మళ్లీ ఇంకో చుక్క. నాలుగు వైపులా టాక్ (కదలకుండా పట్టి ఉంచే చిన్న అతుకు) కొట్టాక కాలు నిటారుగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూసి, ఆ తర్వాతే పూర్తి చేశాను. రెండు అంగుళాల అతుకుకు గంటన్నర పట్టింది.

చాచాను ఇంటికి పిలిచాను. మెట్లు మెల్లగా ఎక్కి వచ్చి, అతుకు మీద గోరు చుట్టూ తిప్పి చూశారు. తర్వాత నా సుత్తి తీసుకుని గట్టిగా మూడు దెబ్బలు వేశారు. నా గుండె ఆగినంత పనైంది. కాలు ఖంగుమని మోగింది గానీ కదల్లేదు.

సుత్తి కింద పెట్టి, "నవారు ఎక్కించుకోండి" అని నాన్నతో అన్నారు.