ఉద్దానం కిడ్నీకి బంగారు రేణువు

మా లేబ్‌లో బంగారం ఎర్రగా ఉంటుంది. గోల్డ్ క్లోరైడ్ ద్రావణాన్ని మరిగించి సోడియం సిట్రేట్ కలిపితే, నిమిషాల్లో దానిమ్మ రసం రంగుకొస్తుంది. అందులో 20 నానోమీటర్లకు అటూ ఇటూ ఉండే రేణువులుంటాయి (మిల్లీమీటర్‌లో పదిలక్షో వంతు ఒక నానోమీటర్). 1951లో టర్కెవిచ్ బృందం చెప్పిన పద్ధతే ఇప్పటికీ వాడుతున్నాం. ప్రెగ్నెన్సీ కిట్‌లో కనబడే ఎర్ర గీత కూడా చాలావరకు ఇలాంటి బంగారమే.

నేను చదివింది జువాలజీ, తర్వాత బయోటెక్నాలజీ. ఇప్పుడు పిహెచ్‌డీ కోసం పొద్దున్న కెమిస్ట్రీ వాళ్ల దగ్గర, మధ్యాహ్నం నుంచి బయోకెమిస్ట్రీలో. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర పల్లె. కొబ్బరి, జీడి తోటలు చూసి బయటివాళ్లు ముచ్చటపడతారు. మా వీధిలో మాత్రం 'క్రియాటినిన్ ఎంతొచ్చింది' అనేది పలకరింపులాగే వినబడుతుంది. క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీ చెడితే రక్తంలో పెరుగుతుంది. పెదనాన్న డయాలసిస్‌కి పలాస వెళ్తారు. మా ప్రాంతంలో ఇంతమందికి వస్తున్న ఈ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పైగా క్రియాటినిన్ పెరిగినట్టు రిపోర్టులో కనబడేసరికి కిడ్నీ సగం దాకా దెబ్బతిని ఉండొచ్చు. అంతకంటే ముందే పట్టుకోవాలి.

ఈ రేణువుల్ని మూత్రంలో వేస్తే అందులోని ఉప్పు వాటి రుణావేశాన్ని కప్పేస్తుంది. అప్పుడవి గుంపుకట్టి నీలం తిరుగుతాయి. రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి వచ్చి ఉంటే రేణువుల చుట్టూ పూతలా పట్టి గుంపు కట్టనివ్వదు, ఎరుపు నిలుస్తుంది. చూడ్డానికి చక్కని పరీక్ష. షుగర్ వల్ల కిడ్నీ పాడయ్యేవాళ్లకి పనికొస్తుంది కూడా, వాళ్లలో కిడ్నీలో రక్తాన్ని వడకట్టే భాగం చెడి అల్బుమిన్ కారుతుంది కాబట్టి. ఉద్దానంలో చాలామందికి ముందు దెబ్బ తగిలేది వడపోతకి కాదు, దాని తర్వాత ఉండే సన్నని నాళికలకి. తొలిదశలో అల్బుమిన్ పెద్దగా రాదు. నాళికలు వెనక్కి పీల్చుకోవలసిన చిన్న ప్రోటీన్లు బయటికి పోతాయి. రేణువు ఎంత బాగా కుదిరినా, దేన్ని వెతకాలో జబ్బే చెప్పాలి. నానో పేరుతో వచ్చే పేపర్లలో ఈ సంగతి వెనకబడిపోతోందని నా బాధ.

చిన్న ప్రోటీన్లలో పేరున్నది బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. ఆమ్లగుణం ఎక్కువున్న మూత్రంలో అది నిలవదు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగకుండా తోటపని చేసేవాళ్ల మూత్రం తరచూ అలాగే ఉంటుంది. అందుకే అంతకంటే గట్టిగా నిలిచే ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్‌ను ఎంచుకున్నాం. దాన్ని పట్టే యాంటీబాడీని రేణువుకి అతికించి, ఉప్పుకి గుంపుకట్టకుండా పైన పూత వేసి, స్ట్రిప్ మీదికెక్కించాలి. వేసవిలో ఏ ఆశా కార్యకర్త సంచిలోనో ఉన్నా యాంటీబాడీ చెడకూడదు. ఇప్పుడు మా టెన్షనంతా అదే.

"అయితే మీ పెదనాన్నకేటి లాభమే?" అంది అమ్మ.

ఆయనకి లాభం లేదమ్మా అన్నాను. ఆయన కొడుకు, మా అన్నయ్య, రోజూ అదే తోటలో దిగుతున్నాడు. ఎథిక్స్ కమిటీ అనుమతి రాగానే శాంపిళ్ల సేకరణ మా మండలంలోనే మొదలుపెట్టాలని గైడుగారిని అడిగాను. ఆయన సరేనన్నారు.