ఎర్రమట్టి దిబ్బల దగ్గర మూడు ఆదివారాలు

మార్చిలో మూడు ఆదివారాలు నూనె రంగులతో బొమ్మ వేయడానికి ఎర్రమట్టి దిబ్బలకే వెళ్లాను. విశాఖ నుంచి భీమిలి రోడ్డులో సుమారు 20 కిలోమీటర్లు. చీకటితో బయల్దేరితే ఆరింటికల్లా, సూర్యుడు సముద్రం మీదికి వచ్చే వేళకు, ఈజిల్ (బొమ్మ బోర్డును నిలిపే స్టాండు) నిలబెట్టుకోవచ్చు.

మొదటివారం కాడ్మియం రెడ్ అనే ఘాటైన ఎరుపును ట్యూబులోంచి తీసి నేరుగా వేశాను. దిబ్బ మిఠాయి రంగుకు వచ్చింది. రెండోవారం బర్న్ట్ సియెనా, వెనీషియన్ రెడ్ అనే మట్టి ఎరుపులు పట్టుకెళ్లాను. ఆ ఇసుకను ఎర్రగా చేసేదీ, ఈ రెండు రంగులకు రంగునిచ్చేదీ ఐరన్ ఆక్సైడే. ఎరుపు కుదిరింది కానీ లోయల లోతు రాలేదు.

తప్పు ఎక్కడుందో వెతుకుతూ జాన్ కార్ల్‌సన్ రాతలు మళ్లీ తీశాను. స్వీడన్‌లో పుట్టి, అమెరికాలోని వుడ్‌స్టాక్‌లో ప్రకృతి చిత్రణ నేర్పిన చిత్రకారుడాయన. వెలుగు ఆకాశం నుంచి దిగుతుంది కాబట్టి ఆకాశం అన్నిటికన్నా లేత, తర్వాత చదును నేల, ఆ తర్వాత వాలు కొండలు, నిలువుగా ఉండే చెట్లు అన్నిటికన్నా ముదురు అని ఆయన లెక్క. నేను రెండోవారం చేసింది సరిగ్గా అదే. వాన నీరు కోసిన నిలువు గోడలన్నీ ముదురుగా వేశాను.

పొద్దున్న ఆరున్నరకు విశాఖలో అది నిజం కాదు. సూర్యుడు సముద్రం అంచున ఉన్నప్పుడు వెలుగు నేలను రాసుకుంటూ పోతుంది, తూర్పు గోడను మాత్రం సూటిగా తాకుతుంది. అందుకే గోడ వెలుగుతుంది, నేల మసకగా ఉంటుంది. సూర్యుడు 45 డిగ్రీలు ఎక్కాకే నేలది పైచేయి. మార్చిలో ఇక్కడ అది తొమ్మిది దాటాక. మేకలు తోలుకుని వచ్చిన ఒక తాత బోర్డు చూసి, "మద్దేనం రా బాబూ, అప్పుడీ గోడ నల్లగుంటాది" అన్నాడు. కార్ల్‌సన్ చెప్పింది ఆ మధ్యాహ్నానికి బాగా సరిపోతుంది.

మూడోవారం పద్ధతి మార్చాను. 8×10 అంగుళాల ఎం.డి.ఎఫ్. (చెక్కపొట్టును అదిమి చేసిన) బోర్డుకు మూడు పూతలు గెస్సో, అంటే రంగు పట్టుకోవడానికి ముందు వేసే తెల్లపూత, వేసి, పైన పలుచగా ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు పూశాను. కళ్లు సగం మూసి, గోడ, నేల, నీడ మూడింటినీ మొదటి పది నిమిషాల్లో పెద్ద మచ్చలుగా పెట్టేశాను. అప్పటికి రంగును పలుచన చేసే టర్పెంటైన్ ఎక్కువ, విడిగా అవిసె నూనె చుక్క కూడా కలపలేదు. మందం రంగు చివర్లోనే. నీడలు ఒకసారి వేశాక మళ్లీ ముట్టుకోలేదు, అవి కదిలినా సరే. ఏడుంబావుకు ఆపేశాను.

గాలికి భయపడి ఈజిల్ ట్రైపాడ్ మధ్యలో నీళ్ల సీసాలున్న సంచి వేలాడదీశాను. బాగా పనిచేసింది. కుంచెలు తుడిచిన నూనె గుడ్డలు మాత్రం ఉండ చేసి సంచిలో పడేయకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. నేను నీళ్లున్న రేకు డబ్బాలో వేసి మూత పెడతాను.

ఈసారి గోడ నిలబడింది. సరుగుడు చెట్ల పచ్చ ఇంకా పచ్చిగానే ఉంది, దానిలో కాస్త ఎరుపు కలపాలి. వచ్చే ఆదివారం ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి, అదే గోడ, అదే చోటు.